బొమ్మలు లేని గైడు

దేవిశ్రీ తయారుచేసిన గైడులో ఇరవై నాలుగు పేజీలు, ముప్పై ఒక్క బొమ్మలు. ప్రతి బొమ్మ మీదా ఎక్కడ నొక్కాలో చూపించే ఎర్ర బాణం గుర్తు. మన ఫైళ్లను క్లౌడ్‌లో, అంటే ఎక్కడో దూరాన పెద్ద కంపెనీలు నడిపే కంప్యూటర్లలో దాచుకోవాలంటే ఏమేం చెయ్యాలో అందులో వరసగా ఉంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఆమె పనిచేసే, కస్టమర్లకి క్లౌడ్ ఏర్పాటు చేసిపెట్టే చిన్న కంపెనీలో ఆ గైడుకి మంచి పేరే వచ్చింది. "ఇది చేతికిస్తే చాలు, ఎవరైనా చేసేసుకుంటారు" అని టీమ్ లీడర్ ఉదయ్‌కిరణ్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. అందుకే జూన్‌లో ఒక బుధవారం మధ్యాహ్నం, దాన్ని రంగుల్లో ప్రింటు తీయించి బ్యాగులో పెట్టుకుని బన్సీలాల్‌పేట్‌లోని శ్రవణ గ్రంథాలయం మెట్లెక్కుతున్నప్పుడు ఆమెకి ఏ బెంగా లేదు. గంటన్నరలో పని ముగించుకుని మల్కాజిగిరి ఇంటికి చేరిపోవచ్చనుకుంది.

గ్రంథాలయం రెండే గదులు. గోడల పొడవునా అరలున్నాయి కానీ వాటిలో పుస్తకాలు లేవు. పాత క్యాసెట్లు, సీడీలు, వాటి మీద చేత్తో రాసిన పేర్లు. చూపులేని పాఠకుల కోసం టీచర్లూ గృహిణులూ రిటైరైన ఉద్యోగులూ ముప్పై ఏళ్లుగా తమ గొంతుతో చదివి రికార్డు చేసిపెట్టిన పుస్తకాలవి. ఆరువేల పైచిలుకు ఉన్నాయి. వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించారు. మొన్న ఏప్రిల్లో ఒక హార్డ్‌డిస్క్ పాడై, రెండు వందల పన్నెండు పుస్తకాలు పోయాయి. పోయినవాటిలో పదో తరగతి పాఠాలు కూడా ఉన్నాయి. అప్పుడు గాని క్లౌడ్ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇదంతా చెప్పింది ప్రేమమణి. బడిలో పాఠాలు చెప్పి రిటైరై, పదేళ్లుగా ఈ గ్రంథాలయం బాధ్యత చూస్తున్న పెద్దావిడ. దేవిశ్రీకి మంచినీళ్లిచ్చి, లోపలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషిని చూపించింది.

"పురుషోత్తం. మా లైబ్రేరియన్. ఫైళ్లన్నీ ఆయన చేతిలోనే ఉంటాయమ్మా. నువ్వు నేర్పించాల్సింది ఆయనకే."

ఆయనకి నలభై అయిదేళ్లు దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, ఒక చెవిలో ఇయర్‌ఫోన్. ఎదురుగా ఉన్న మానిటర్ ఆపేసి ఉంది. ఆపేసిన మానిటర్ ముందు కూర్చుని ఆయన చకచకా టైప్ చేస్తున్నాడు. దేవిశ్రీకి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక సిగ్గేసింది. చూపులేని వాళ్ల గ్రంథాలయానికి వస్తూ, అక్కడి ఉద్యోగికి చూపు ఉండకపోవచ్చన్న ఆలోచనే తనకి రాలేదు. బ్యాగులోంచి సగం తీసిన గైడుని ఏం చెయ్యాలో తోచక ప్రేమమణి వైపు చాపింది.

"మేడం, పోనీ మీరు దగ్గరుండి చూసి చెబితే..."

"నాకు కాదు తల్లీ. ఆయనకివ్వు."

పురుషోత్తం అలికిడికి తిరిగి చెయ్యి చాపాడు. గైడు అందుకుని పేజీలు వేళ్లతో తడిమాడు.

"మంచి కాయితం. ఏమున్నయి మేడం దీంట్ల?"

"ఎలా చెయ్యాలో ఉందండి. బొమ్మలతో."

"ఓ ముక్క చదువుండ్రి జెర."

దేవిశ్రీ చేతికొచ్చిన పేజీ తిప్పి చదివింది. "'ఈ బొమ్మలో ఎర్ర బాణం చూపిస్తున్న చోట నొక్కండి. తర్వాత కనిపించే పెట్టెలో...'" అక్కడికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గిపోయింది.

పురుషోత్తం నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు. "పరేషాన్ కాకుండ్రి. ఆ వెబ్ పేజీల పదిహేను దినాలు తిరిగిన నేను. ఒక్క ఫైలు పంపాలంటే నలభై సార్లు ట్యాబ్ మీట కొట్టాలె. పంపినంక అది పోయిందా లేదా అన్నది రంగుతోని చెప్తదట, పచ్చ గీత వస్తదట. పచ్చ గీత నాకెట్ల తెలుస్తది? ఒట్టి అక్షరాలతోని నడిచే తీరు ఇంకోటి ఉన్నదని విన్న. అది పెట్టియ్యుండ్రి."

ఆయన అడుగుతున్నదేమిటో దేవిశ్రీకి తెలుసు. కమాండ్‌లైన్ క్లయింట్. దాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తే బటన్లూ బొమ్మలూ ఉండవు. నల్లటి కిటికీ ఒకటి తెరిచి, కావలసింది అక్షరాల్లో టైప్ చేస్తే క్లౌడ్ నుంచి జవాబు కూడా అక్షరాల్లోనే వస్తుంది. తమ ఆఫీసులో దాని జోలికి వెళ్లేవాళ్లు ముగ్గురో నలుగురో. కస్టమర్లకైతే దాని పేరు కూడా ఎత్తరు.

"అది కొంచెం కష్టమండి," అంది మెల్లగా. "ఒక్క అక్షరం తేడా వచ్చినా పనిచెయ్యదు."

"అక్షరం తప్పితే నేను పట్టుకుంట మేడం. రంగు తప్పితేనే పట్టుకోలేను. నేను చేస్త, మీరు చెప్పుండ్రి."

అలా మొదలైంది. దేవిశ్రీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పురుషోత్తం ఇయర్‌ఫోన్ తీసేసి స్పీకర్ పెట్టాడు. ఆయన కంప్యూటర్లో స్క్రీన్‌రీడర్ ఉంది. తెర మీద ఏముంటే అది పైకి చదివే సాఫ్ట్‌వేర్. అది మాట్లాడుతుంటే పోపులో ఆవాలు చిటపటలాడుతున్నట్టుంది. దేవిశ్రీకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇది ఇంగ్లీషేనా అండి?"

"ఇంగ్లీషే. స్పీడు పెంచుకున్న. నెమ్మదిగ చదివితే నాకు నిద్రొస్తది." ఆమె కోసం వేగం సగానికి తగ్గించాడు. అప్పటికీ ఆమె చెవికి అందీ అందకుండానే ఉంది.

ప్రోగ్రాం డౌన్‌లోడ్ అయ్యేలోగా ఆయన తన సంగతి చెప్పాడు. మూడో తరగతిలో జ్వరమొచ్చి చూపు పోయిందట. తండ్రి మౌలాలిలో రైల్వే ఉద్యోగి, ఇప్పుడు కూడా అక్కడే ఇల్లు. రోజూ పొద్దున ఎంఎంటీఎస్ రైల్లో సికింద్రాబాద్ వచ్చి, అక్కడినుంచి ఆటోలో ఇక్కడికి వస్తాడు. ఈ ఉద్యోగానికి ముందు ఒక హోటల్లో పద్నాలుగేళ్లు టెలిఫోన్ ఆపరేటర్. మూడు వందల పది గదుల నంబర్లూ, నెలనెలా వచ్చే వాళ్ల గొంతులూ గుర్తుండేవట. చేతికో సెల్‌ఫోన్ వచ్చాక ఆపరేటర్‌తో ఎవరికీ పనిలేకుండా పోయింది.

డౌన్‌లోడ్ అయింది. "ఇప్పుడు ఇక్కడ నొక్కండి," అంది దేవిశ్రీ, వేలు ఆపేసిన మానిటర్ వైపు చాపి.

"ఇక్కడ అంటే ఏడ?"

దేవిశ్రీ నాలుక కరుచుకుంది. 'ఇక్కడ', 'అక్కడ', 'ఆ మూల', 'ఆ నీలంది' అన్న మాటలు తీసేస్తే తనకి చెప్పడానికి ఇంకేమీ మిగలట్లేదని ఆ పది నిమిషాల్లో తెలిసొచ్చింది. బటన్ మీద ఏం రాసుందో చెప్పాలి. దాన్ని చేరడానికి ఏ మీట నొక్కాలో చెప్పాలి. నొక్కాక ఏమవుతుందో చెప్పాలి. రెండేళ్లుగా రోజూ చేస్తున్న పనే అయినా, ఒక్కో మాటా వెతుక్కుని చెప్పాల్సి వచ్చింది. ఆయన మాత్రం తొందరపడలేదు. ఆమె చెప్పింది విని, కంప్యూటర్ చెప్పింది విని, రెండూ కలిసినప్పుడే ఎంటర్ కొట్టాడు.

ఇన్‌స్టాలేషన్ పూర్తయిందని స్పీకర్ చెప్పింది. దేవిశ్రీ ఊపిరి పీల్చుకుంది. "ఇంక ఆ నల్ల కిటికీలో దీని పేరు కొట్టండి. వెర్షన్ ఎంతో చెబుతుంది."

పురుషోత్తం ముందే తెరిచి ఉంచిన కిటికీలోకి వెళ్లి పేరు కొట్టాడు. అలాంటి ఆదేశమేదీ నాకు తెలియదు పొమ్మంది కంప్యూటర్.

"సరిగా ఎక్కలేదండి. తీసేసి మళ్లీ పెడదాం," అంది దేవిశ్రీ.

"జెర ఆగుండ్రి." పురుషోత్తం వేళ్లు మీటల మీద ఆగాయి. "ఎక్కింది అని ఇప్పుడే గదా చెప్పింది. అబద్ధమెందుకు చెప్తది? ఈ కిటికీ నేను పొద్దుగాల తెరిచిన. మనం పెట్టింది ఇప్పుడు. కొత్తది వచ్చిన సంగతి ఈ పాత కిటికీకి తెల్వదేమో." దాన్ని మూసి ఇంకొకటి తెరిచి, మళ్లీ అదే పేరు కొట్టాడు. వెర్షన్ నంబరు గబగబా చదివింది స్పీకర్.

కొత్తగా ఎక్కించిందేదైనా పలక్కపోతే కంప్యూటర్ ఆపి మళ్లీ వెయ్యమని దేవిశ్రీ కస్టమర్లకి చెప్పేది. పని జరిగేది. ఎందుకు జరుగుతోందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఈయన ఆలోచించాడు, మొదటిసారే.

తర్వాత తాళంచెవులు. మనం మనమేనని క్లౌడ్‌కి నిరూపించుకోవడానికి రెండు పొడుగాటి రహస్య అక్షరాల వరసలు ఇస్తారు. రెండోదానిలో నలభై అక్షరాలు, ఒక అర్థం పర్థం లేకుండా చిన్నవీ పెద్దవీ అంకెలూ కలిసి ఉంటాయి. దేవిశ్రీ తన ల్యాప్‌టాప్‌లో చూసి చదవబోయింది.

"చదవకుండ్రి మేడం. పక్క గదిల పాఠకులున్నరు. వాళ్లంత చెవులతోనే బతికేటోళ్లు," అన్నాడు పురుషోత్తం నవ్వుతూ. ఆ అక్షరాలున్న ఫైలు తన కంప్యూటర్లోకి పంపించమని చెప్పి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. కాపీ చేసి అతికించి, ఒక్కో అక్షరం మళ్లీ విని సరిచూసుకున్నాడు. కస్టమర్ల తాళంచెవులు ఫోన్లో పైకి చదివి వినిపించిన రోజులు గుర్తొచ్చి దేవిశ్రీ తల దించుకుంది.

ఇక చివరి మెట్టు. క్లౌడ్‌ని మొదటిసారి పలకరించాలి. పురుషోత్తం ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కాడు. రెండు క్షణాలాగి పెద్ద జవాబొకటి వచ్చింది. దేవిశ్రీ మానిటర్ వేసి చూసింది. పొడుగాటి వాక్యం, మొదట్లోనే 'ఎర్రర్' అనీ, దాని వెనకే 'సిగ్నేచర్' అనీ ఉంది. చూడగానే తెలిసిపోయింది.

"తాళంచెవి తప్పు పడిందండి. కొత్తవి చేయిస్తాను."

కొత్తవి చేయించింది. మళ్లీ అదే జవాబు. మూడోసారి చేయించింది. మళ్లీ అదే. బయటికెళ్లి ఉదయ్‌కిరణ్‌కి ఫోన్ చేసింది. "పర్మిషన్ల గొడవై ఉంటుంది. రేపు నేను చూస్తాలే, వచ్చెయ్," అన్నాడతను.

ఆమె లోపలికొచ్చేసరికి పురుషోత్తం ఆ జవాబునే వింటున్నాడు. బాణం మీట నొక్కుతూ ఒక్కో అక్షరం, ఒక్కో అంకె. కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి, సంగీతం వింటున్నవాడిలా. ఆమె వచ్చిన అలికిడికి చెయ్యెత్తి ఆగమన్నాడు. చివరి దాకా విన్నాక అడిగాడు.

"మేడం, తాళంచెవి తప్పని ఇది ఎక్కడ అన్నది?"

"సిగ్నేచర్ అని ఉంది కదండీ."

"సిగ్నేచర్ గడువు దాటింది అంటున్నది. తప్పు అంటలేదు. వెనక రెండు పెద్ద నంబర్లున్నయి. రెండిట్ల ముందు ఈ సంవత్సరం, నెల, తారీఖు. మొదటి దాంట్ల తర్వాత పది, పదిహేను. రెండో దాంట్ల పది, యాభై ఆరు. ఇవి టైములు గావా?"

దేవిశ్రీ వంగి చూసింది. నిజమే. అంకెలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. కంటికి అదొక చెత్తలా కనిపించింది కాబట్టి ఆమె చూపు దాని మీదుగా జారిపోయింది. "టైములేనండి. గ్రీన్‌విచ్ టైము. మనకంటే అయిదున్నర గంటలు వెనక."

"అంటే మనకు మొదటిది మూడుంబావు మీద అరగంట, మూడు నలభై అయిదు. రెండోది నాలుగు ఇరవై ఆరు." పురుషోత్తం ఎడమచేతి గడియారం మూత తెరిచి ముళ్లను వేలితో తడిమాడు. "ఇప్పుడు నాలుగున్నర కావస్తున్నది. రెండోది నిజమైన టైము. మరి మొదటిది ఎవరిది?"

తన కంప్యూటర్‌నే టైమెంతని అడిగాడు. మూడు గంటల నలభై ఎనిమిది నిమిషాలని స్పీకర్ జవాబిచ్చింది.

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. అది పాత కంప్యూటర్. లోపలి బిళ్ల బ్యాటరీ నీరసించి, రాత్రిళ్లు ఆపేసినప్పుడల్లా గడియారం కాస్త కాస్త వెనకబడుతోంది. ఇంటర్నెట్‌తో దానంతటది సరిచేసుకునే ఏర్పాటుని ఎవరో ఎప్పుడో ఆపేశారు. పంపే ప్రతి ఆదేశం మీదా ఆ గడియారం టైమే పడుతుంది. నలభై నిమిషాల పాత ముద్ర వేసుకొచ్చిన ఉత్తరాన్ని క్లౌడ్ అనుమానించి తిప్పి పంపుతోంది. తాళంచెవుల తప్పు లేదు, పర్మిషన్ల తప్పూ లేదు.

గడియారం సరిచేసి పురుషోత్తం మళ్లీ ఎంటర్ కొట్టాడు. స్పీకర్ ఏమీ అనలేదు. ఆదేశం కోసం ఎదురుచూస్తున్నానని మాత్రం చెప్పింది.

"ఏమైంది?" అని గుమ్మంలోంచి ప్రేమమణి ఆత్రంగా అడిగింది.

"లోపల ఏం లేదు గదా మేడం, ఏం చెప్తది?" అన్నాడు పురుషోత్తం. "తలుపు తీసింది. ఇల్లు ఖాళీగున్నది. ఇగ సామాను షురూ చేద్దాం."

మొట్టమొదట పదో తరగతి సామాన్యశాస్త్రంలో ఒక పాఠం పంపాడు. ఏప్రిల్‌లో పోయినవాటిలో అదొకటి. మళ్లీ చదివించి మొన్ననే రికార్డు చేశారు. పంపాక, అది నిజంగా చేరిందో లేదో మీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి వినిపించమని దేవిశ్రీని అడిగాడు. ఆమె తెచ్చి నొక్కింది. మగగొంతొకటి కాంతి వక్రీభవనం గురించి నింపాదిగా చదువుతోంది. మధ్యలో బయట ఎక్కడో ఆటో హారన్. పురుషోత్తం తలూపి, "ఆ హారన్ సుత భద్రంగ చేరింది," అన్నాడు.

ఆ సాయంత్రం మల్కాజిగిరి వెళ్లే బస్సులో దేవిశ్రీకి సీటు దొరికింది కానీ మనసు నిలకడగా లేదు. ఫోన్ తీసి, గ్రంథాలయంలో తీసుకున్న ఎర్రర్ వాక్యం ఫొటో మళ్లీ చూసుకుంది. మూడుసార్లు తన కళ్ల ముందే ఉంది. జవాబంతా అందులోనే ఉంది. తను నాలుగు మాటలు చూసి మిగతాది ఊహించుకుంది. ఆయన ఊహించలేదు, విన్నాడు. కంప్యూటర్ చెప్పేది అబద్ధం కాదన్న నమ్మకంతో, చివరి అంకె దాకా విన్నాడు. ఇన్నాళ్లూ ఆఫీసులో ఎంతోమంది తెలివైనవాళ్లని చూసింది. ఇలాంటి ఓపికని మాత్రం చూడలేదు.

ఇంట్లో తల్లి సీతామహాలక్ష్మి కాఫీ ఇస్తూ, "ఏంటే అలా ఉన్నావు? పనవ్వలేదా?" అని అడిగింది.

"అయిందమ్మా. నేను నేర్పడానికెళ్లాను. నేర్చుకుని వచ్చాను."

తొమ్మిది రోజుల్లో ఆరువేల పుస్తకాలూ క్లౌడ్ చేరాయి. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు పురుషోత్తం ఒకే ఒక్క ఆదేశం ఇచ్చి వెళ్లేవాడు. పొద్దున్నే వచ్చి, ఏవి చేరాయో ఏవి ఆగాయో విని సరిచేసేవాడు. ఆ మాట ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. విన్నాక దేవిశ్రీ అడిగింది.

"సార్, శనివారం నాకు సెలవు. కమాండ్‌లైన్ పెట్టుకోవడానికి ఒక గైడు రాద్దామనుకుంటున్నాను. ఒక్క బొమ్మ కూడా లేకుండా. రాసింది మీకు చదివి వినిపిస్తే, ఎక్కడ బాలేదో చెబుతారా?"

"వినుడు గాదు మేడం. చేసి చూస్త. రాండ్రి."

శనివారం ఆమె వెళ్లేసరికి ఆయన అటకమీది పాత కంప్యూటరొకటి దింపించి, అందులో ఉన్నవన్నీ తుడిచి సిద్ధంగా పెట్టాడు. షరతు ఒక్కటే. కాగితం మీద ఏముంటే ఆయన అదే చేస్తాడు. తెలిసిన సంగతైనా తెలియనట్టే ఉంటాడు. దేవిశ్రీ నోరు విప్పకూడదు. విప్పాల్సి వచ్చిందంటే ఆ వాక్యం తప్పన్నట్టే.

మొదటి శనివారం మూడో వాక్యం దాటలేదు.

"'కాసేపు ఆగండి' అని రాసిన్రు. కాసేపు అంటే ఎంత? నేను రెండు నిమిషాలు ఆగిన. చప్పుడు లేదు. పనైతున్నదా, సచ్చిందా?"

ఆమె కొట్టేసి, 'మూడు నిమిషాల వరకు ఏ చప్పుడూ ఉండకపోవచ్చు. అయిదు నిమిషాలు దాటితే ఆపి, ఒకటో వాక్యం నుంచి మళ్లీ మొదలుపెట్టండి' అని రాసింది.

"'సులభంగా పూర్తవుతుంది' అన్నరు. అది ఎందుకు? కానోడు తనే తెలివిలేనోడు అనుకుంటడు."

'సులభంగా' పోయింది. 'కింది విధంగా' పోయింది. 'కనిపించే పెట్టె' పోయింది. ప్రతి మెట్టు దగ్గరా ఏం చెయ్యాలి, చేశాక ఏం వినిపించాలి, అది వినిపించకపోతే ఏం చెయ్యాలి అన్న మూడు ముక్కలూ వచ్చి చేరాయి. కిటికీ మూసి కొత్తది తెరవమన్న మెట్టు చేరింది. తాళంచెవుల్ని ఎవరికీ పైకి చదివి వినిపించవద్దన్న మాట చేరింది. అన్నిటికంటే ముందు, కంప్యూటర్ గడియారం చేతి గడియారంతో కలుస్తోందో లేదో చూసుకోమన్న వాక్యం చేరింది. ఒక్కోసారి ఒక్క వాక్యానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఆయన ఆ పాత కంప్యూటర్ని ఎన్నిసార్లు తుడిచి మళ్లీ మొదలుపెట్టాడో లెక్కలేదు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నాలుగో శనివారం సాయంత్రానికి ఇరవై నాలుగు పేజీలు ఆరు పేజీలయ్యాయి.

ఉదయ్‌కిరణ్ ఆ ఆరు పేజీలు తిప్పి చూసి ముఖం చిట్లించాడు. "ఇదేంటి దేవిశ్రీ, ఒక్క బొమ్మ లేదు? ఎవరు చదువుతారు దీన్ని? పైగా కమాండ్‌లైన్! కస్టమర్లు భయపడతారు."

"పదిమందికిచ్చి చూడండి సార్. ఫోన్లు ఎక్కువొస్తే నేనే మాట్లాడతాను."

పదిమందికి పంపారు. అందరూ చూపున్నవాళ్లే. ఒక డయాగ్నస్టిక్ సెంటర్, ఇద్దరు ఆడిటర్లు, తార్నాకలో ఫొటో స్టూడియో నడిపే ఎలీనా అనే ఆవిడ, ఇంకా కొందరు. మామూలుగా ఇలాంటి పనికి ఒక్కొక్కరి నుంచీ మూడు నాలుగు ఫోన్లొచ్చేవి. రెండు వారాల్లో ఒక్కటంటే ఒక్క ఫోన్ వచ్చింది. అది ఎలీనాది. దేవిశ్రీ పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని ఎత్తింది.

"ఏం ప్రాబ్లం లేదమ్మా," అందావిడ. "గడియారం సంగతి చూసుకోమన్నారు కదా, నిజంగానే నాది ఇరవై నిమిషాలు తప్పుంది. ఎవరు రాశారిది? పక్కన కూర్చుని చెప్పినట్టే ఉంది."

ఆ మాట విన్నాక, మరుసటి శనివారం ఉదయ్‌కిరణ్ తనే బైకు మీద దేవిశ్రీ వెనకాలే బన్సీలాల్‌పేట్ వచ్చాడు. పురుషోత్తం చేతులు రెండూ పట్టుకుని, "సార్, మా ఆఫీసులో పన్నెండు మందిమి ఉన్నాం. మాలో ఒక్కరికీ రాని ఆలోచన ఇది. ఇకనుంచి కస్టమర్లందరికీ ఈ గైడే ఇస్తాం. రాసినవాళ్ల పేర్ల దగ్గర మీ పేరు ముందు వెయ్యమని దేవిశ్రీ అంటోంది. నాకూ అదే న్యాయమనిపిస్తోంది," అన్నాడు.

పురుషోత్తం ముఖం వెలిగింది. ఆ సంతోషాన్ని ఆయన దాచుకోలేదు. "ఇంట్లో చెప్తే మస్తు ఖుషీ అయితరు," అన్నాడు. వెంటనే, "కానీ ఇంకా అయిపోలే సార్. నేను చేసిన, మీ కస్టమర్లు చేసిన్రు. మేమంత కంప్యూటర్ ముందు కూసునేటోళ్లమే. ఏం తెల్వనోళ్లు చెయ్యాలె. ప్రేమమణి మేడం చెయ్యాలె," అన్నాడు.

"నేనా!" ప్రేమమణి గాజులు గలగలలాడాయి. "నాకు ఆ పెట్టె ఆన్ చెయ్యడం కూడా రాదయ్యా."

"అందుకే మేడం."

ముగ్గురూ కలిసి ఆవిణ్ని ఒప్పించి, తుడిచి పెట్టిన ఆ పాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, గైడు ఒళ్లో పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లలా ఒక్కో వాక్యం వేలు పెట్టి చదివింది. ఒక్క వేలితోనే ఒక్కో మీటా వెతికి నొక్కింది. ఉదయ్‌కిరణ్ రెండుసార్లు వంగి చెప్పబోతే దేవిశ్రీ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. పురుషోత్తం గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గదిలో ఫ్యాను చప్పుడు, మీటల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అలా యాభై నిమిషాలు గడిచాయి.

చివరి ఎంటర్ కొట్టగానే తెర మీద పుస్తకాల పేర్లు వరద కట్టాయి. వందలు, వేలు, ఆగకుండా కిందికి జారిపోతున్నాయి. ప్రేమమణి కుర్చీలో వెనక్కి వాలింది. "ఇవన్నీ మనవేనా? అక్కడున్నవి నాకిక్కడ పేర్లు చెబుతున్నాయా?" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఉదయ్‌కిరణ్ కూడా కొట్టాడు.

చప్పట్లు ఆగాక పురుషోత్తం నెమ్మదిగా అడిగాడు. "మేడం, చివరికి వచ్చినంక ఓ దగ్గర ఆగిన్రు. మీటలు ఆగినయి, కాయితం రెండుసార్లు తిరిగింది. ఏమైంది ఆడ?"

ప్రేమమణి ఆశ్చర్యంగా చూసింది. "అది కూడా విన్నావా? పదకొండో మెట్టు దగ్గర. 'పైన చెప్పిన ఫోల్డర్ పేరు కొట్టండి' అని ఉంది. పైన ఎక్కడ చెప్పారా అని వెనక్కి తిప్పి వెతుక్కున్నాను. దొరికిందిలే."

"పైన!" పురుషోత్తం నుదురు కొట్టుకున్నాడు. "వినేటోనికి పైన ఏముంటది, కింద ఏముంటది? నాకు ఆ పేరు యాదికున్నది, గందుకే నేను సుత పట్టుకోలే. అది నా తప్పే."

"మనిద్దరిదీ సార్," అంది దేవిశ్రీ. అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచింది. 'పైన చెప్పిన' అన్న రెండు మాటలూ తీసేసి, ఆ చోట ఫోల్డర్ పేరు పూర్తిగా రాసి, పైకి చదివింది.

పురుషోత్తం తల పక్కకి వంచి చివరి దాకా విన్నాడు. "ఇంకోసారి చదువుండ్రి," అన్నాడు.